ముందు డిస్కు మార్చండి

కొడుకు ఆట కోసం కంప్యూటర్ మీద రూపాయి పెట్టడం దండగ అనుకునే తండ్రులు ఒకవైపు. ఆట తెరుచుకోవడం ఆలస్యమవుతోందని ఏకంగా కొత్త కంప్యూటరే కావాలని మంకుపట్టు పట్టే కొడుకులు మరోవైపు. ఈ ఇద్దరి మధ్య కౌంటర్ వేసుకుని కూర్చున్నదాన్ని నేను. కొత్తచెరువులో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, కంప్యూటర్ రిపేరు మూడూ ఒకే గదిలో నడిచే చిన్న కొట్టు నాది. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే మాట: కంప్యూటర్‌ను అలాగే ఉండనివ్వండి, లోపలున్న హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. కొత్తది అమ్మితే నాకు మిగిలేది ఎక్కువని తెలిసే చెబుతున్నాను.

ఆటల గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. కంప్యూటర్‌లో ఏ జబ్బు ఉన్నా మొదట బయటపడేది ఆటలోనే. పిల్లవాడు జీటీఏ తెరవడానికి తిట్టుకుంటూ ఎదురుచూసే ఆ యంత్రంలోనే వాళ్ల అక్క ఈఏపీసెట్ హాల్ టికెట్ తీసుకోవాలి, అడంగల్ ప్రింటు కావాలన్నా అందులోనే. వాడికి పట్టే జాప్యం ఇంటిల్లిపాదికీ పడుతుంది. వాడొక్కడే నోరు తెరిచి చెబుతాడు, అంతే తేడా.

పోయిన వేసవి సెలవుల్లో బుక్కపట్నం అవతలి పల్లె నుంచి ఒక రైతు, డిగ్రీ చదివే ఆయన కొడుకు బైకు మీద వచ్చారు. వెనక కూర్చున్న అబ్బాయి ఒళ్లో గోనెపట్టాలో చుట్టిన సీపీయూ. దించీ దించకముందే తండ్రి అడిగాడు: "ఏమ్మా, ఇది ఇంకా పనికొస్తాదా, పాత సామాన్లోళ్లకు ఏసేద్దామా?" అబ్బాయి గొంతు తగ్గించి, "అక్కా, గేము లోడయ్యే లోపల మా అమ్మ సంగటి గెలికేస్తాంది. గ్రాఫిక్స్ కార్డు ఎయ్యాలంట, మా హాస్టల్లో చెప్పినారు" అన్నాడు. వాళ్లు అంతకుముందే పట్నంలో ఒక షాపుకు వెళ్లి వచ్చారు. అక్కడ అసలు దీన్ని విప్పనే లేదట. కొత్తది తీసుకోండి, కంతుల మీద ఇస్తామన్నారట. వేరుశనగ అమ్మగా వచ్చిన డబ్బు ఆయన చొక్కా జేబులో ఉందో లేదో నాకు తెలియదు గానీ, ఆ కంతు లెక్క రాసిన చీటీ మాత్రం ఉంది.

మూత విప్పితే మా ఊరి కంప్యూటర్లన్నిటిలో కనిపించేదే కనిపించింది. ఫ్యాను రెక్కల మీద ఎర్రమన్ను మేటవేసింది, అడుగున బల్లి గుడ్లు రెండు. దులిపి కరెంటు ఇచ్చాను. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. మరీ తీసిపారేసే సరుకేం కాదు. విండోస్ తెర వచ్చాక కూడా మౌస్ గుర్తు పక్కన గుండ్రం తిరుగుతూనే ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి ఆ అబ్బాయిని దగ్గరికి పిలిచి చూపించాను. సీపీయూ దగ్గర పది శాతం. డిస్కు దగ్గర నూరు శాతం, ఆ గడి ఎర్రబడి అలాగే నిలబడిపోయింది. చెవి దగ్గర పెడితే డిస్కు లోపల కటకటమని చప్పుడు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్కు కోసం కాచుకుని ఉందన్నమాట. ఇందులో ఎంత ఖరీదు గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టినా అదీ పక్కనే కూర్చుని కాచుకోవాల్సిందే.

ఎస్‌ఎస్‌డీ తీసి పెద్దాయన చేతిలో పెట్టాను. ఏడు మిల్లీమీటర్ల మందం, యాభై గ్రాముల బరువు కూడా ఉండదు. "ఇంత ల్యాకంగా ఉండేదానికి మూడు వేలా?" అన్నాడు. పాడైపోయిన ఒకదాన్ని విప్పి చూపించాను. లోపల సగం డబ్బా ఖాళీయే. చిన్న పచ్చ బోర్డు, దాని మీద నాలుగు నల్ల చిప్పులు. తిరిగేది లేదు, కదిలేది లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తిరిగే మోటార్లే గదా కాలేది" అని ఒప్పుకున్నాడు. బోరు మోటార్లు కాలి కాలి విసిగిన మనిషికి అంతకంటే వివరం అక్కర్లేదు.

మిగతావాళ్లకు కొంచెం వివరం చెప్పాలి. హార్డ్ డిస్కు అంటే గిరగిరా తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ జరిగే ఒక సన్నని చేయి. 1956లో ఐబీఎం వాళ్లు బీరువా అంత యంత్రంలో మొదటిసారి తెచ్చిన పద్ధతే ఇది. పరిమాణం తగ్గింది, పట్టే సమాచారం లక్షల రెట్లు పెరిగింది, కానీ చేయి కదలాలి, పళ్లెం తిరగాలి అన్న సూత్రం మారలేదు. లాప్‌టాప్ డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. కావలసిన ముక్క చేతి కిందికి రావడానికి సగటున సగం చుట్టు తిరగాలి, అంటే సెకనులో వెయ్యింట ఐదున్నర వంతు. చేయి సరైన చోటికి జరగడానికి ఇంకో పది, పన్నెండు వంతులు. వినడానికి ఏమంత కాదనిపిస్తుంది. కానీ ఈ లెక్కన సెకనుకు అరవై, డెబ్బై చోట్లకు మించి వెళ్లలేదు. ఆట మొదలు కావాలంటే గోడల బొమ్మలు, బండ్ల చప్పుళ్లు, మనుషుల ముఖాలు అన్నీ వేర్వేరు చోట్ల నుంచి ఏరుకురావాలి. ఐదు వేల చిన్న ముక్కలు ఐదు వేల చోట్ల ఉన్నాయనుకోండి, డెబ్బై చొప్పున తెచ్చేసరికి డెబ్బై సెకన్లు దాటుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు కాబట్టి ఏ మూల ఉన్న ముక్కయినా సెకనులో పదివేలింట ఒకటి రెండు వంతుల్లో చేతికొస్తుంది. అవే ఐదు వేల ముక్కలకు ఒక్క సెకను చాలు. డబ్బా మీద రాసే "సెకనుకు 550 ఎంబీ" అన్న అంకె కంటే అసలు మహిమ ఇక్కడ ఉంది. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు నాలుగైదు రెట్ల తేడా కనిపిస్తుంది. చిల్లర మల్లర ఫైళ్లు వేలకొద్దీ చదవాల్సి వచ్చినప్పుడు తేడా పదుల రెట్లు, వందల రెట్లు.

ఆటలు తయారుచేసేవాళ్లు ఈ పళ్లెం బాధ పడలేక ఎన్ని తిప్పలు పడ్డారో తెలిస్తే నవ్వొస్తుంది. ప్లేస్టేషన్ 5 రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలో తన ప్రసంగంలో ఒక సంగతి చెప్పాడు. స్పైడర్‌మ్యాన్ ఆటలో కొన్ని వస్తువుల సమాచారాన్ని డిస్కు మీద నాలుగు వందల సార్లు కాపీ చేసి పెట్టారట. న్యూయార్క్ వీధుల్లో ఏ సందులోకి దూకినా ఆ వస్తువు పక్కనే దొరకాలి, చేయి దూరం పోకూడదు, అందుకు. ఒకే వస్తువు నాలుగు వందల చోట్ల! అందుకే ఆ ప్లేస్టేషన్‌లో హార్డ్ డిస్కు మాటే ఎత్తకుండా సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ పెట్టారు. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. కొత్తచెరువులో దాన్ని కొన్నవాళ్లు ఉన్నారో లేదో గానీ, దాని దెబ్బ మాత్రం మా ఊరి దాకా వచ్చింది. ఎస్‌ఎస్‌డీ ఉంటుందన్న నమ్మకంతోనే ఇప్పుడు ఆటలు రాస్తున్నారు. సైబర్‌పంక్ 2077కు 2023 నుంచి కనీస అర్హతల్లోనే ఎస్‌ఎస్‌డీ చేర్చారు. అదే ఏడాది వచ్చిన స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 కూడా అంతే. హార్డ్ డిస్కు మీద అవి నెమ్మదిగా నడుస్తాయని కాదు, మధ్యమధ్యలో బొమ్మ రాకుండా మాట మాత్రమే వినిపించి, మనిషి గాల్లో నడుస్తుంటాడు.

వేసవిలో ఆ అబ్బాయికి మార్చి ఇచ్చాక ఏమైందంటే, అంతకుముందు రెండు మూడు నిమిషాలు పట్టే విండోస్ ఇరవై సెకన్ల లోపు వచ్చింది. జీటీఏ 5 కథ ఆట దాదాపు రెండు నిమిషాల నుంచి అర నిమిషానికి దిగింది. అబ్బాయి ముఖం వెలిగిపోయింది. తండ్రి మాత్రం పెదవి విరిచాడు: "నిదానంగా తెరుచుకుంటేనే మేలు గదమ్మా, ఆడేది తగ్గుతాది."

ఈ వాదన చాలామంది దగ్గర వింటాను. నా అనుభవంలో జరిగేది దీనికి తలకిందులు. తెరవడానికి అన్ని నిమిషాలు పడుతుందని తెలిసిన పిల్లవాడు ఒకసారి తెరిచాక మూయడు. అన్నానికి పిలిచినా ఆపకుండా తెర మీద అలాగే ఉంచి వస్తాడు, రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. మళ్లీ తెరవాలంటే ఓపిక ఉండదని వాడి భయం. మధ్యలో రికార్డు రాసుకోవాల్సి ఉన్నా, ఎలాగూ తెరిచాను కదా ఇంకో మిషన్ అని కూర్చుంటాడు. చిటికెలో తెరుచుకునే దాన్ని చిటికెలో మూయడానికి మనసొస్తుంది. పిల్లవాడు ఎంతసేపు ఆడాలో చెప్పాల్సింది తల్లిదండ్రులు. ఆ పని ముసలి డిస్కుకు అప్పగించడం బాగోలేదు. ఇంకో భయం కూడా ఉంది, గేము అనగానే డబ్బు పోగొట్టుకునే రమ్మీ, పోకర్ అనుకుంటారు. మన రాష్ట్రంలో వాటిని 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కార్లు తోలే ఆటకూ దానికీ సంబంధం లేదు.

నేను ఆటలకు వకాల్తా పుచ్చుకున్నట్టు కనిపిస్తే కనిపించనివ్వండి. నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని కట్టి రోడ్ రాష్, వైస్ సిటీ ఆడిన తరం నుంచే వచ్చాను. వైస్ సిటీ మొత్తం ఒకటి రెండు జీబీల్లో పట్టేది. ఇప్పుడు జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ దాటింది. మా దగ్గర చాలా ఇళ్లలో వచ్చే 15 ఎంబీపీఎస్ నెట్ మీద వంద జీబీ దింపుకోవాలంటే కరెంటు పోకుండా ఉంటే పదిహేను గంటలు. మధ్యలో కరెంటు పోకుండా ఉండడమా, మా ఊళ్లో! అందుకే హాస్టల్ నుంచి పోర్టబుల్ డిస్కుల్లో మోసుకొస్తారు. దొంగ కాపీలైతే నేను వేసివ్వను. వాటితో పాటు దూరి, వెనక నుంచి కంప్యూటర్‌ను రాత్రీపగలూ వాడుకునే పురుగుల్ని తీయడానికి మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఇంతవరకు ఎస్‌ఎస్‌డీని పొగిడాను కాబట్టి, అది చేయలేనివి కూడా చెప్పాలి. ఆట మొదలయ్యాక బొమ్మ కుదుపులు కుదుపులుగా కదులుతోందంటే అది ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, ర్యామ్‌ల సంగతి. డిస్కు మారిస్తే తగ్గేది తెరుచుకునే జాప్యం, కొత్త చోటికి వెళ్లినప్పుడు పడే ఆటంకం. ఫ్రేములు పెరగవు. ఈ మాట ముందే చెప్పకుండా అమ్మేవాళ్లు ఉన్నారు, వారం తిరగకుండా గొడవలు అవుతుంటాయి. ఎన్ని లోపాలున్నా అన్నిటికీ ఒకే మందు అమ్మడం సంతలో వాడి పని, సర్వీసు కొట్టు పని కాదు.

మరికొన్ని జాప్యాలకు మీ ఇంట్లోని ఏ సామానూ కారణం కాదు. జీటీఏ ఆన్‌లైన్ ఆట తెరుచుకోవడానికి ఏళ్ల తరబడి చాలామందికి ఐదారు నిమిషాలు పట్టేది. ఎస్‌ఎస్‌డీలు పెట్టినవాళ్లకూ అంతే. 2021 ఫిబ్రవరి చివర్లో, దాన్ని తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థతో ఏ సంబంధమూ లేని ఒక ప్రోగ్రామర్ విసుగెత్తి ఆ ఆట లోపలికి తొంగిచూశాడు. అంగడిలో కొనుక్కునే వస్తువుల జాబితా ఒకటి, 10 ఎంబీ ఫైలు, అందులో దాదాపు 63 వేల వస్తువులు. ఒక్కో వస్తువు చదివిన ప్రతిసారీ ఆ ప్రోగ్రామ్ మిగిలిన ఫైలంతా ఎంత పొడవుందో మొదటి నుంచి చివరిదాకా మళ్లీ కొలుస్తోంది. ఆ పైన, చదివిన వస్తువు ఇదివరకే ఉందా అని జాబితా మొత్తం మళ్లీ వెతుకుతోంది. రెండూ సరిచేస్తే తన కంప్యూటర్‌లో ఆరు నిమిషాలు కాస్తా రెండు నిమిషాల లోపుకు వచ్చింది. రాక్‌స్టార్ సంస్థ ఒప్పుకుని మార్చిలోనే సరిచేసి, ఆయనకు పది వేల డాలర్లు ఇచ్చింది. అన్ని కోట్ల మంది అన్నేళ్లు కాచుకున్నారు, కారణం రెండు చిన్న రాతలు. కొత్త డిస్కు, కొత్త కార్డు, కొత్త నెట్ అంటూ మధ్యలో ఎంతమంది ఎంత ఖర్చుపెట్టి ఉంటారో ఊహించుకోండి.

హెల్‌డైవర్స్ 2 కథ ఇంకా విడ్డూరం. కంప్యూటర్ మీద ఆ ఆట 154 జీబీ మింగేది, అదే ప్లేస్టేషన్‌లో అందులో నాలుగో వంతు కూడా లేదు. కారణం పైన చెప్పిన కాపీల పద్ధతే. హార్డ్ డిస్కు వాడేవాళ్లు ఇబ్బంది పడతారేమోనని అవే బొమ్మల్ని చాలా చోట్ల పెట్టారు. తీరా లెక్క తీస్తే పదిమందిలో ఒకరే హార్డ్ డిస్కు వాడుతున్నారు. కాపీలు తీసేసి చూస్తే వాళ్లకు కూడా కొన్ని సెకన్ల తేడాయే. ఆ ఆటలో ఎక్కువ సమయం పట్టేది ఫైళ్లు చదవడానికి కాదట, యుద్ధభూమిని అప్పటికప్పుడు తయారుచేయడానికట. 2025 డిసెంబరులో 23 జీబీకి కుదించారు. నా ఉద్దేశంలో ఆటల చరిత్రలో పల్లెటూరి నెట్‌కు జరిగిన పెద్ద ఉపకారం ఇదే, వాళ్లకు మన పల్లెలు ఉన్నాయని తెలియకపోయినా.

అందుకే అడిగినవాళ్లందరికీ అన్నిటికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ అంటగట్టను. రెండు రకాలున్నాయి. పాత పద్ధతిలో తీగతో తగిలించే శాటా రకం సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది. మదర్‌బోర్డు మీద నేరుగా గుచ్చే ఎన్‌వీఎంఈ రకం 3500 నుంచి 7000 దాకా, ఇంకా పైకి కూడా పోతుంది. అంకెలు చూస్తే ఆరు, పన్నెండు రెట్లు. చాలా ఆటల్లో తేడా మాత్రం నాలుగైదు సెకన్లు. చదివి తెచ్చిన మూటను విప్పడానికి ప్రాసెసర్‌కు పట్టే సమయం అలాగే ఉంటుంది కాబట్టి. ఆ విప్పే పని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2022లో డైరెక్ట్‌స్టోరేజ్ పేరుతో కంప్యూటర్లకు తెచ్చింది గానీ, దాన్ని వాడుకునే ఆటలు ఇప్పటికీ తక్కువే. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌గారిది యల్లనూరు మండలం బుక్కాపురం, మా పాత అనంతపురం జిల్లానే. ఆ పేరు చెప్పుకుని మావాళ్లు మురిసిపోతుంటారు, నేనూ మురిసినదాన్నే. అయితే ఆ సంస్థే 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది, విండోస్ 11 మాత్రం ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు ఇవ్వనంటుంది. ఎస్‌ఎస్‌డీతో మళ్లీ పరుగెత్తే నాలుగో తరం, ఆరో తరం కంప్యూటర్లు మా ఊళ్లో ఇంటికొకటి ఉన్నాయి. వాటికి భద్రతా మార్పుల్ని 2026 అక్టోబరు దాకా పొడిగించే అవకాశం ఉంది, పెట్టించుకోండి. ఆ తర్వాత బ్యాంకు పనులు వాటిలో చేయొద్దు, లేదంటే లినక్స్ వేయించుకోండి.

ధర సంగతికి వస్తే నాకు ఒళ్లు మండేది అంకెల మాయ దగ్గర. మొన్నమొన్నటి దాకా తక్కువ ధర లాప్‌టాప్‌లను 1 టీబీ హార్డ్ డిస్కుతో అమ్మారు. పక్కనే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది అంతే ధరకు ఉంటే, తండ్రి ఏది తీసుకుంటాడు? వెయ్యి పెద్దదా, రెండు వందల యాభై ఆరు పెద్దదా? చదువుకోనివాడికే కాదు, చదువుకున్నవాడికీ పెద్ద అంకె లాభంగానే కనిపిస్తుంది. కొన్న రోజు నుంచే నత్తనడక. సంవత్సరం తిరిగేసరికి నా దగ్గరికి. అమ్మినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు, గోడౌన్‌లో పాత సరుకు కదలాలి కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బేరాల్లో అదే నడుస్తోంది. దీనికి తోడు ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వందలకే 2 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అని ఒక మోసం. విప్పితే లోపల ఒక మెమరీ కార్డు, 2 టీబీ ఉన్నట్టు కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా రాసిన చిప్పు. నింపేకొద్దీ పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. కాలేజీ ప్రాజెక్టు అందులో పెట్టి ఏడ్చిన పిల్లల్ని చూశాను.

మంచి సరుకు కూడా ఇప్పుడు చవక కాదు. 2023లో 500 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ మూడు వేల లోపు దొరికింది, పోయిన వేసవిలోనూ అటూఇటూగా అంతే. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల్ని ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోవడంతో ధరలు ఎక్కాయి. మాలాంటి కొట్ల వాళ్లు ఎక్కువగా అమ్మిన క్రూషియల్ బ్రాండును మైక్రాన్ ఇక ఆపేస్తున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు సరుకు కోసం పోతే ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెబుతున్నారు. ధర పెరిగినా నా సలహా మారలేదు. చేతిలో ఉన్నది తక్కువైతే 256 జీబీ తీసుకోండి. విండోస్, ఇప్పుడు ఆడుతున్న ఒకటి రెండు ఆటలు అందులో, మిగతావన్నీ పాత హార్డ్ డిస్కులో. ఒక ఆట అయిపోతే, ఆటలు అమ్మే స్టీమ్‌లో దాన్ని ఇటునుంచి అటు జరుపుకునే ఏర్పాటు ఉంది, మళ్లీ దింపుకోనక్కర్లేదు. ఐదో వంతు ఖాళీ వదలండి. నిండా కుక్కితే ఎస్‌ఎస్‌డీ కూడా మొరాయిస్తుంది.

మా ఎండలకూ కరెంటుకూ ఇది తట్టుకుంటుందా అని అడుగుతారు. ధర్మవరం బస్సులో గుంతల మీద ఎగిరెగిరి పడే లాప్‌టాప్‌కు తిరిగే పళ్లెం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. రాసి రాసి అరిగిపోతుందన్న భయమూ అక్కర్లేదు. ఒక మంచి 500 జీబీ రకానికి 300 టెరాబైట్లు రాసేదాకా పూచీ ఇస్తారు, రోజుకు 50 జీబీ రాసినా పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో మిగతా కంప్యూటర్ బతికి ఉండదు. కరెంటు ఉన్నట్టుండి పోతే మాత్రం దీనికీ ప్రమాదమే, రాస్తూ ఉన్న ఫైలు పాడవుతుంది. యూపీఎస్ ఉండాలి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: కరెంటు ఇవ్వకుండా నెలల తరబడి పక్కన పెట్టిన ఎస్‌ఎస్‌డీలో సమాచారం మెల్లగా ఆవిరవుతుంది. బాగా వాడి అరిగిన డిస్కు 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు నిలుపుకోవాలని ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మా రేకుల ఇంటి అటక మీద మే నెలలో ఎంత ఉంటుందో చెప్పాలా? పెళ్లి వీడియోలు, పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో దాచొద్దు. దానికి ఆ ముసలి హార్డ్ డిస్కే మేలు. కొన్ని వందలు పెడితే యూఎస్‌బీ డబ్బా వస్తుంది, అందులో దాన్ని బిగించుకోవచ్చు.

ఈ మాటలు ఇళ్లవాళ్లకే కాదు, బళ్లవాళ్లకు కూడా. మండలంలోని బళ్లలో కంప్యూటర్ గదులు తాళం వేసి ఉంటాయి. అడిగితే "అవి పాతబడ్డాయి, పీరియడంతా ఆన్ కావడానికే సరిపోతాది" అంటారు. కొన్నిటిని నేను విప్పి చూశాను. బోర్డులు బాగున్నాయి, ర్యామ్ బాగుంది, పీరియడును మింగేది డిస్కు. కొత్త కంప్యూటర్ల కోసం దాతల ముందు చేతులు చాచే ముందు, ఉన్నవాటిలో డిస్కులు మార్పించండి. ఒక్క కొత్త కంప్యూటర్ ఖరీదుతో ఆరేడు పాతవి లేచి కూర్చుంటాయి. దాతలు కూడా ఈ లెక్క అడగాలి. రిబ్బను కత్తిరించడానికి కొత్త డబ్బా ఉంటే బాగుంటుంది, నిజమే. పిల్లలకు కావలసింది పీరియడు మొదలైన నిమిషంలో తెర వెలగడం. ఆ తెర మీద వాళ్లు మొదట ఆటే తెరిచి చూస్తారు. చూడనివ్వండి.

ఇంట్లో కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే కొత్తది బేరమాడే ముందు ఒక్క పని చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్కు కింద నూరు శాతం కనిపిస్తూ, సీపీయూ ఖాళీగా ఉంటే జబ్బు అదే. దగ్గర్లోని ఏ రిపేరు కొట్టులోనైనా ఒక పూటలో మార్చిస్తారు, పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదాంట్లోకి దింపి ఇవ్వమనండి. పాత డిస్కును మాత్రం కొట్టులో వదిలిపెట్టి పోవద్దు, మా కొట్టులోనైనా సరే. అందులో మీ ఆధార్ కాపీలు, పాసు పుస్తకం స్కాన్లు, ఇంటి ఫొటోలు ఉంటాయి, డిలీట్ కొట్టినంత మాత్రాన పోవు. అడిగి తీసుకోండి.